ఊడిస్తే పది

మా మనవరాలి కూతురికి నాలుగేళ్లు నిండాయి. నంద్యాలలో మా వీధి మలుపులోనే ఉన్న ఒక బడికి పోతుంది. పోయిన వారం ఇంట్లో ఎవరికీ తీరిక లేక, దాన్ని తీసుకురావడానికి నేనే పోయాను. గేటు దగ్గర టీచరమ్మ నన్ను ఆపింది. పాతికేళ్లు కూడా ఉండవు ఆమెకు.

“తాతా, పాప మ్యాథ్స్‌లో వీక్‌గా ఉంది. ఇంట్లో కొంచెం ప్రాక్టీస్ చేయించండి” అంది.

“నాలుగేండ్ల పిల్ల వీక్ అని నీకెట్లా తెలిసిందమ్మా?”

“అందరూ హండ్రెడ్ దాకా రాస్తాండారు తాతా. పాప నలభై దాటల్యా.”

నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, ఆ మాట మీద. ఆ మాట నేను ఒకసారి విన్నదే. అప్పుడు అది ఇంగ్లీషులో లేదు, అంతే తేడా.

ఇంటికొచ్చి పాప ముందు ఒక పిడికెడు బుడ్డలు పోశాను. వేరుశనక్కాయల్ని మా వైపు బుడ్డలంటాం. “ఎన్ని ఉండాయి తల్లీ?” అని అడిగాను. పాప చేతులు కట్టుకుని, పైకప్పు చూస్తూ, వన్ టూ త్రీ అని నలభై దాకా పాడింది. బుడ్డల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. “మరి ఇవి ఎన్ని?” అంటే మళ్లీ మొదటినుంచీ పాడింది. పాపం, దానికి నేర్పిందే అది. అంకెలు పాడటం వచ్చింది గానీ, ఆ పాటకూ ముందున్న బుడ్డలకూ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు.

మా చెల్లెలు దీనికి పూర్తిగా ఎదురు. దానికి వస్తువులే తెలుసు, పాట రాదు. ఆ పాట మొదటి మాటే అది తప్పు చెప్పేది.

మా ఊరు నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ, రోడ్డు దిగి బండిబాటన చాలా దూరం పోతే వస్తుంది. నల్లరేగడి నేల. వాన పడితే కాలు పెట్టలేం, ఎండితే నెర్రెల్లో పిల్లవాడి చెయ్యి మోచేతి దాకా పోతుంది. తూర్పున నల్లమల నీలంగా గీత గీసినట్టు కనపడేది. జొన్నే మాకు పంట, జొన్నే తిండి. ఇంట్లో ఐదుగురం. నాయన, అమ్మ, నాయనను కన్న జేజి, నేను, చెల్లెలు. నేను అయిదో తరగతి ముగిస్తున్నాను. చెల్లెలికి అయిదేళ్లు.

మా నాయనకు చదువు లేదు గానీ కొలత చేతికి పేరుండేది. జొన్న కళ్లాలు మొదలైతే ఊళ్లో సగం మంది రాశి కొలవడానికి ఆయననే పిలిచేవాళ్లు. నూర్పిడి అయ్యి, తూర్పార పట్టి, పేడతో అలికిన కళ్లం నడుమ జొన్నలు తెల్లగా కుప్ప పోసి ఉంటే, నాయన రుమాలు బిగించి దాని ముందు గొంతుకూర్చునేవాడు. ఎవరూ మాట్లాడకూడదు. కొలిచే పడి నిండా ముంచి, అంచు మీద చేత్తో ఒక్క తోపు తోసి, గోతంలో పోసేవాడు. మొదటి పడికి ఒకటి అనడు. “లాభం” అంటాడు. రెండో పడి ముంచేదాకా “లాభం లాభం లాభం” అని అంటూనే ఉంటాడు. తర్వాత “రెండు రెండు రెండు”. అట్లా పోతూ ఉంటుంది. మాట ఆగితే లెక్క జారుతుందని. రాశి తరిగి తరిగి అడుగున కొన్ని గింజలు మిగిలినప్పుడు లేచి, “సాలు” అని పడి బోర్లించేవాడు. ఆ అడుగున మిగిలింది లెక్కలోకి రాదు. అది కళ్లం అడుగు. ఊళ్లో పనివాళ్లకు, పిట్టలకు పోతుంది. అడుగంటా ఊడ్చుకున్న వాడికి మళ్లీ యేడు అంత రాశి పడదని జేజి చెప్పేది.

ఇదంతా మా చెల్లెలు మూడేళ్ల నుంచీ నాయన పక్కనే కూర్చుని చూసింది. జొన్న నూగు ఒళ్లంతా అంటి నేను దురదకు గోక్కుని చచ్చేవాణ్ణి, అది మాత్రం కదిలేది కాదు. అమ్మ ఒక కొబ్బరిచిప్ప ఇచ్చింది. దాంతో దుమ్ము కుప్ప పోసి కొలిచేది. “లాభం లాభం లాభం” అని నాయన గొంతు పెట్టుకునేది. కళ్లం కాడ మగవాళ్లు చూసి నవ్వేవాళ్లు.

“ఏందప్పా, నీ కూతురు నీ పని ల్యాకుండా జేసేట్టుండాదే.”

“జేయనీ. నేను బీడీ తాగుతా కూసుంటా” అనేవాడు నాయన.

ఆ యేడు కళ్లాల నాటికే ఆళ్లగడ్డ నుంచి మా అత్త వచ్చింది. అత్తంటే నాయన చెల్లెలు. మామకు అక్కడ అంగడి ఉంది, చింతపండు, బెల్లం, పప్పు అమ్మేవాడు. పెళ్లయిన చాలా యేండ్లకు అత్తకు కొడుకు పుట్టాడు. నాలుగు నెలల బిడ్డను చంకన వేసుకుని వచ్చి, లేత కంకులు కాల్చి నలిపిన జొన్న ఊచబియ్యం తింటూ, అసలు మాట బయట పెట్టింది.

“అన్నా, నేను అంగట్లో కూసోకుంటే ఆయప్పకు చెయ్యాడదు. బిడ్డ ఉయ్యాల ఊపేదానికి ఒక మనిషి గావాల. నీ పిల్లను పంపు. తిండి, గుడ్డ నావి. పెద్దయినాంక నేనే పెండ్లి జేస్తా.”

అమ్మ రొట్టె తట్టడం ఆపింది. “పిల్లను బడికెయ్యల్లని ఉండాది వదినా” అంది.

“ఆడపిల్లకు బడి ఏందమ్మే. బిడ్డనెత్తుకుంటే అదే వస్తాది అంతా.”

నాయన ఇద్దరినీ చూశాడు. తన చెల్లెలికి కాదని చెప్పే మనిషి కాడు, భార్య మాట తీసేసే మనిషీ కాడు. చివరికి ఒక మాట చెప్పాడు. “అయ్యోరు ఈ యేడు దీన్ని బళ్లో జేర్చుకుంటే ఈడ్నే ఉంటాది. జేర్చుకోకపోతే నీ యెంట పంపుతా. ఇంగ నన్ను అడగొద్దండి ఇద్దరూ.”

అత్త మూతి ముడుచుకుని పోయింది. అమ్మ ఆ రోజు నుంచే నన్ను పట్టుకుంది. “రేయ్, దానికి అంకెలు నేర్పు. నీకు సగం రొట్టె ఎక్కువ పెడతా.” సగం రొట్టె కోసం కాదు గానీ, అది ఆళ్లగడ్డకు పోతే నేను ఆడుకోవడానికి ఇంట్లో ఇంకెవరున్నారు. జేజి ఉంది గానీ జేజి ఆటలో మోసం చేస్తుంది.

మా బడి ఒకే గది. అయ్యవారు కూడా ఒకరే, నంద్యాల వైపు నుంచి వచ్చి ఊళ్లో ఒక ఇంటి కొట్టంలో ఉండేవాడు. చెడ్డవాడు కాడు. కాని ఆయనకు ఒక పద్ధతి ఉండేది. కొత్త పిల్ల ముందు పది చింతగింజలు పోసి ఎన్ని అని అడుగుతాడు. చెప్తే చేర్చుకుంటాడు, లేకుంటే వచ్చే యేడు రమ్మంటాడు. అది సర్కారు రూలో ఆయన రూలో అడిగినవాడు ఊళ్లో లేడు. వేసవి సెలవులకు ముందే పిల్లల్ని ఒకసారి చూసి పెట్టుకునేవాడు.

ఆ రోజు అమ్మ దానికి తలంతా నూనె పెట్టి, కొత్త లంగా కట్టింది. నాయన లోపలికి రాలేదు, వాకిట్లో నిలబడ్డాడు. అయ్యవారు గింజలు పోశాడు. చెల్లెలు గొంతుకూర్చుని, ఒక గింజ తీసి పక్కన పెట్టి, “లాభం” అంది.

బడంతా నవ్వింది.

“లాభం ఏందమ్మా? ఒకటి అను” అన్నాడు అయ్యవారు.

“ఒగటి అంటే రాశి పెరగదు.”

ఇంకా నవ్వారు. అయ్యవారు బెత్తం బల్ల మీద కొట్టి, “సరే, నీ ఇష్టమొచ్చినట్టు ఎంచు” అన్నాడు. అది ఎంచింది. చేత్తో తాకి, ఒక్కొక్కటి పక్కన పెట్టి, చూడముచ్చటగా ఎంచింది. ఎంచి, “తొమ్మిది” అని లేచి నిలబడింది. నేల మీద ఇంకొక గింజ ఉంది.

“సరిగ్గా చూడు.”

“తొమ్మిది.”

అయ్యవారు ఎనిమిది గింజలు పెట్టాడు. ఏడు అంది. అయిదు పెట్టాడు. నాలుగు అంది. ఆయన నాయన వైపు తిరిగాడు.

“ప్రతిసారీ ఒకటి తక్కువ చెప్తోందప్పా. పిల్లకు చూపు ఆనుతుందా?”

“గుట్ట మింద గద్ద వాలితే సెప్తాది సామీ.”

“అయితే లెక్క ఇంకా కుదరలేదు. దీని బుర్రకు టైము పడుతుంది. జూన్‌లో బడి తెరిచినాక ఇంకోసారి తీసుకురా. అప్పుడూ ఇంతే అయితే వచ్చే యేడు చూద్దాం.”

దీని బుర్రకు టైము పడుతుంది. నేను మొదట్లో చెప్పిన మాట ఇదే. టీచరమ్మ వీక్ అంది, ఆయన బుర్ర అన్నాడు. ఆ పిల్ల ఏం ఎంచుతోంది, ఎందుకు ఆపింది అని ఒక్క మాట అడిగింటే సరిపోయేది. ఆయన అడగలేదు. ఈమె అడగలేదు.

ఆ సాయంత్రం నుంచే మా వీధి పిల్లలు దాని పేరు మార్చేశారు. “ఒమే లాభం, యాడికి పోతాండావ్?” “లాభమ్మా, నష్టం యాడ పెట్టినావ్?” అది రాళ్లు విసిరేది. గురి మాత్రం తప్పేది కాదు.

ఎండాకాలమంతా నేను దానికి పాఠం చెప్పాను. పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి, వేపపుల్ల చేతబట్టుకుని, అచ్చం అయ్యవారిలాగా. మొదటి వారం ఒకటికీ లాభానికీ యుద్ధం. నేను ఒకటి అనేవాణ్ణి, అది లాభం అనేది. చివరికి బెల్లం ముక్క పెట్టి రాజీ చేసుకున్నాను. బెల్లం అమ్మ అటకమీద కుండలో దాచేది. నేను జేజి మంచం నిలబెట్టి ఎక్కి తెచ్చేవాణ్ణి. జేజికి తెలుసు. ఆమెకూ ఒక ముక్క పోవాలి, అప్పుడే ఆమె కండ్లు కనపడనట్టు ఊరుకునేది.

ఒకటి అనడం వచ్చింది. కుప్ప పోస్తే మాత్రం మళ్లీ ఒకటి తక్కువే.

నన్ను పిచ్చెక్కించింది ఏమంటే, మిగతా చోట్ల అది ఎక్కడా తప్పేది కాదు. రాత్రి రొట్టెల లెక్క దానిదే. అమ్మ పిండి కలిపే ముందు, “ఎన్నమ్మే?” అనేది. అది వేళ్లు మడిచేది. నాయనకు మూడు, అమ్మకు రెండు, అన్నకు రెండు. జేజికి ఒకటిన్నర, తనకు ఒకటిన్నర. ఆ రెండు సగాలూ కలిసి ఒక రొట్టె అవుతుందని దానికి ఎవరూ చెప్పలేదు. ఒక రొట్టెను నడిమికి తుంచి జేజికీ తనకూ పెట్టి పెట్టి, తెలుసుకుంది. “పది” అనేది. సరిగ్గా పది. పెనం మీద రొట్టె కాలే వాసన, రోట్లో ఊరిబిండి పచ్చడి నూరే వాసన, పొయ్యి పక్కన అది తట్టలు, అంటే కంచాలు, వరసగా పేర్చి ఒక్కో తట్టలో రొట్టెలు వేస్తూ ఉండేది. ఒక్క రోజూ ఒకరికి తక్కువ పడలేదు, ఒకరికి ఎక్కువ పడలేదు.

గేదెల్ని మేము ఎనుములంటాం. అవి మేతనుంచి వస్తే తలలు ఎంచేది. తప్పేది కాదు. జేజితో వామనగుంటలు ఆడేది. పీట గుంటల్లో చింతగింజలు పంచుకుంటూ పోతే, జేజి ఒక గింజ అరచేతిలో దాచేది.

“జేజీ, నీ సేతిలో ఇంగొగటి ఉండాది.”

“యాడమ్మే? ముసిల్దాన్ని, నాకేం దెలుస్తాది.”

“ఆ గుంటకు నాలుగు పడల్ల, మూడే పడినాయి. తీయ్.”

జేజి తీసేది. “దీనికి బుర్ర లేదన్నాడంట అయ్యోరు. ఆయప్పను నాతో ఒగ ఆట ఆడమను సూద్దాం” అని గొణిగేది.

అంటే పంచేటప్పుడు తప్పదు, తలలు ఎంచితే తప్పదు, ఆటలో తప్పదు. కుప్ప పోసి ఎన్ని అంటేనే తప్పుతుంది. నాకు అంతవరకు తెలిసింది, అక్కడ ఆగిపోయాను. అమ్మ మటుకు లోలోపల కుమిలిపోతోంది. మధ్యలో అత్త ఒకసారి కబురు పంపింది, పిల్లకు రెండు జతల గుడ్డలు కుట్టించి పెట్టినానని.

జూన్ దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం చింతగింజలు వదిలేసి, వేయించిన బుడ్డలు ఒలిచి పది గింజలు పోశాను. తినే వస్తువైతే ఆశకైనా చివరిది కూడా ఎంచుతుందేమో అనుకున్నాను. అది ఎంచింది. తొమ్మిది అంది. ఒక గింజ మిగిలింది. నాకు కోపం వచ్చి, ఆ మిగిలిన గింజ తీసి నోట్లో వేసుకున్నాను.

అది నా మీద పడింది. జుట్టు పట్టుకుంది, వీపు మీద గుద్దింది, గోళ్లతో గీరింది. కండ్లలో నీళ్లు.

“దాన్ని ఎందుకు తిన్నావ్ రా? అది అడుగు. కళ్లం అడుగు. దాన్ని తినగూడదు.”

నేను నమలడం ఆపాను. “ఏం అడుగు?”

“నాయన ఊడుస్తాడా? ఊడ్సడు గదా. నువ్వు తినేస్తివి. ఇంగ రాశి రాదు పో.”

అప్పుడు నాకు అర్థమయింది. అది ఆ గింజను చూడక కాదు. చూసే వదిలింది. కుప్పగా పోసింది ఏదైనా దానికి రాశే. రాశి కొలిస్తే అడుగు ఉంచాలి. ఉంచింది లెక్కలోకి రాదు. అయిదు గింజలకూ ఉంచింది, పది గింజలకూ ఉంచింది. రొట్టెలు రాశి కాదు, ఎనుములు రాశి కాదు, కాబట్టి అక్కడ ఉంచలేదు. దాని లెక్కలో ఒక్క తప్పు లేదు.

“సరేమే, అడుగును కూడా ఎంచు. అయ్యోరికి చెప్పాల” అన్నాను.

“ఎంచగూడదు.”

“ఎవరన్నారు?”

“నాయన ఎంచడు.”

దానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. నేను బెల్లం చూపించాను, పుల్ల చూపించాను. లొంగలేదు. నేరుగా పోయి అమ్మకు చెప్పాను. అమ్మ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఆ పొద్దు నాయన సంగటి ముద్ద తుంచి పచ్చికారం అద్దుకుంటూ ఉండగా ఆయనకు చెప్పింది.

నాయన ముద్ద నోటి దాకా తీసుకుపోయి దించాడు. బళ్లో ఆ రోజు వాకిట్లో నిలబడి అంతా చూసినవాడే. ఆయనకు తట్టలేదు. జీవితమంతా చేసిన పని కాబట్టి ఆయనకు అదొక పనిగా కనపడలేదు. “నన్ను సూసి నేర్సుకుందా” అన్నాడు. “నన్ను సూసేనా” అని మళ్లీ అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, కూతురి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

“అమ్మణ్ణీ, బళ్లో అడుగు ఉంచేదానికి ల్యా. అంతా ఎంచల్ల.”

“బళ్లో కళ్లం ల్యాదా?”

“ల్యా.”

“మరి పిట్టలు ఏం తింటాయి?”

ఊళ్లో ఇద్దరు మనుషులు కొలత దగ్గర కొట్టుకుంటే నాయన మాటే చెల్లేది. అయిదేళ్ల పిల్ల ముందు ఆయన బేరానికి దిగాడు. “పిట్టలకు నేనేస్తా లేమ్మా. నువ్వు ఎంచు” అన్నాడు. అది ఒప్పుకుందో లేదో చెప్పలేదు. తల గోక్కుంటూ జేజి దగ్గరికి పోయింది.

బడి తెరిచిన రోజు మళ్లీ అందరం పోయాం. ఈసారి నాయన లోపలికి వచ్చాడు. అత్త కూడా వచ్చి ఉంది, ఫలితం చూసుకుని పిల్లను తీసుకుపోదామని. బిడ్డను భుజాన వేసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. అయ్యవారు పది చింతగింజలు పోశాడు.

“ఒగటి” అంది చెల్లెలు. బళ్లో ఎవరూ నవ్వలేదు. అమ్మ ఊపిరి వదలడం నాకు వినపడింది. రెండు, మూడు, అట్లా పోయి తొమ్మిది దగ్గర ఆగింది. చివరి గింజ మీద వేలు పెట్టింది, తీయలేదు. నాయన ముఖం చూసింది.

“తొమ్మిది” అంది. “ఒగటి అడుగు.” కొంచెం ఆగి, “ఊడిస్తే పది.”

అయ్యవారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనా సేద్యగాళ్ల ఇంట్లో పుట్టినవాడే. బెత్తం బల్ల కిందికి తోశాడు. “ఊడువు తల్లీ. ఇది మీ నాయన కళ్లం కాదు, బడి. ఇక్కడ పూర్తిగా ఊడువు” అన్నాడు. అది ఆ గింజ తీసి మిగతా వాటి పక్కన పెట్టింది. ఆయన పట్టీలో పేరు రాసుకున్నాడు.

అమ్మ దాన్ని ఎత్తుకుంది. నాయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అత్త మాత్రం ఇంటికి వచ్చి నడవలో కూలబడి ఏడుపు మొదలు పెట్టింది. బిడ్డ ఏడుస్తాండాడు, ఈమె ఏడుస్తాండాది.

“నాకెవరుండారు అన్నా. నమ్ముకోని వస్తిని.”

నాయన ఆమెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కొలిచే ముందు రాశిని చూసే చూపు అది.

“మావోనికి ఈడ బడి అయిపాయ. ఐదు దాకనే గదా ఇది. ఆళ్లగడ్డలో పెద్దబడి ఉండాది. వీడు నీ ఇంట్లో ఉండి సదువుకుంటాడు, పొద్దున సందేళ బిడ్డను సూసుకుంటాడు.”

అది అన్యాయమైన మాట కాదు. ఆయన మోసం చేయాలనుకోలేదు. నేను కూడా సంతోషంగానే బండెక్కాను. పెద్దబడి చూస్తానని, అంగట్లో బెల్లం తింటానని. అమ్మ గుడ్డల మూట ఇచ్చింది. చెల్లెలు బండి వెనక ఊరి చివర దాకా వచ్చి, ఎందుకో ఎద్దులను ఎంచి, “రెండే” అని చెప్పి వెనక్కి పోయింది.

ఆళ్లగడ్డలో బిడ్డ పొద్దునా సందేళా మాత్రమే ఏడవడు కదా. రోజంతా ఏడుస్తాడు. వీడు నడిచేదాకా ఆగు, బడికి వచ్చే యేడు పోదువు గాని అన్నాడు మామ. వాడు నడిచాడు. అప్పుడు అంగట్లో తక్కెడ పట్టుకునే మనిషి కావాల్సి వచ్చాడు. పెద్దబడి పిల్లలు అంగడి ముందునుంచే పోయేవాళ్లు, పుస్తకాలు చంకన పెట్టుకుని. వాళ్లకు బొరుగులు పొట్లం కట్టి ఇచ్చేవాణ్ణి. పొట్లాలకు వచ్చిన పాత పేపర్లు కట్టేముందు చదివేవాణ్ణి. ఒక ముక్కలో కథ మొదలు, ఇంకో ముక్కలో వేరే దాని చివర. నా చదువు అట్లా సాగింది. తర్వాత నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కాదు. కాని ఏ బడి పట్టీలోనూ నా పేరు మళ్లీ ఎక్కలేదు.

దీనికి నేను చెల్లెల్ని ఏనాడూ అనలేదు. అది అప్పటి పెద్దబడి చివరి తరగతి, పదకొండు దాకా చదివింది, మా ఇళ్లల్లో అంతదాకా పోయిన మొదటి ఆడపిల్ల. నేను కోప్పడేది వేరే వాళ్ల మీద. పిల్ల ముందు గింజలు పోసి, జవాబు మాత్రమే చూసి, బుర్ర కొలిచేవాళ్ల మీద. ఇప్పుడు ఫోన్లలో గంటగంటకూ ఒకరు వచ్చి చిన్నపిల్లలకు లెక్కలు ఎట్లా నేర్పాలో చెప్తారు. దాని కోసం ఆట సామాను కూడా అమ్ముతారు. రొట్టెలు పంచమనండి. తట్టలు పేర్చమనండి. సగం తుంచమనండి. తప్పు చెప్తే, ఎందుకమ్మా అని ఒక్కసారి అడగండి. దీనికి సామానెందుకు?

మొన్న పాపతో అదే చేశాను. బుడ్డలు ముందు పోసి ఎన్ని అని అడగలేదు. “అమ్మకు రెండు, అమ్మమ్మకు రెండు, నాకు ఒకటి, నీకు మూడు, పెట్టు” అన్నాను. పెట్టింది. తాకి, ఒక్కొక్కటి జరిపి, అందరి ముందూ సరిగ్గా పెట్టింది. అందరివీ కలిపి ఎన్ని అంటే, వేలితో తాకుతూ ఎంచి “ఎయిట్” అంది. మరుసటి రోజు ఆ సంగతి టీచరమ్మకు చెప్పాను. “గుడ్ తాతా. కానీ సిలబస్‌లో హండ్రెడ్ దాకా రాయడం ఉంది” అంది. ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది, ఆమె పైన ఎవరి బెత్తం ఉందో.

నేను ఆళ్లగడ్డకు పోయిన ఆ మొదటి యేడు, బిడ్డకు పుట్టెంట్రుకలు తీసే నాడు అమ్మ వచ్చింది. నాయన కళ్లాల పనిలో ఉన్నాడు, చెల్లెలికి బడి. అందరూ భోజనాల హడావిడిలో ఉంటే నన్ను అంగడి వెనక బస్తాల చాటుకు పిలిచి, ఇంటి సంగతులు చెప్పింది. ఎనుము ఈనింది. జేజికి ఇప్పుడు నిజంగానే కండ్లు కనపడటం లేదు.

“నీ చెల్లెలు రొట్టెల లెక్క తప్పుతాండాదిరా” అంది.

“అదెందుకు తప్పుతాది?”

“నువ్వు ల్యావు గదా. ఎనిమిది సాలు. అది రోజూ తొమ్మిది సెయ్యమంటాది. మీ నాయనకు మూడు, నాకు రెండు, అన్నీ సరిగ్గానే పెడతాది. ఒగటి బుట్టలో అట్నే ఉంటాది. లెక్క తప్పినావు గదమ్మే అంటే, తప్పలే, ఎనిమిది తినేవి, ఒగటి అడుగు అంటాది. ఎవురినీ ముట్టనీదు. పొద్దున్నే పోయి ఎనుముకు పెడతాది. మీ నాయన సూసి ఏమీ అనడు.”

నేను బస్తా మీది చింతపండు నార పీకుతూ కూర్చున్నాను. అమ్మ కొంగు మూట విప్పింది. అందులో ఒక జొన్నరొట్టె, రెండు రోజులదేమో, అంచులు బిరుసెక్కి ఉంది.

“వస్తాంటే ఇది ఇచ్చింది. అన్నకు ఇయ్యి అనింది.” అమ్మ రొట్టెను నా చేతిలో పెట్టింది. “ఈ అడుగు తినొచ్చు అని సెప్పమనింది.”